రెండు దీర్ఘాలు

“అలేఖ్యా, జర చాయ్ పెట్టు. గట్లనే గీ నాలుగు ముక్కలు టైపు చేసియ్యి. ఊకెనే ఉన్నవ్ గద.”

మా ఆయన రాకేశ్ ఈ మాట అన్నప్పుడు నేను నల్లా దగ్గర కూర్చుని ఆయన జీన్స్ ప్యాంటుకే బ్రష్షు కొడుతున్నాను. మోచేతుల దాకా నురగ. లోపల కుక్కర్ కూతకొచ్చింది. మా అత్తమ్మ సత్యవ్వ బీడీల చాట ముందేసుకుని, తునికాకు ఇంకా తడిపి పెట్టలేదేందని గొంతు సవరిస్తోంది. ఆదివారం కదా, నాకు సెలవు. సెలవంటే ఇదీ. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో నేను చేసే పనులన్నిటికీ ఒకటే పేరు, ఊకెనే ఉండుడు. వంట చేస్తే ఊకెనే ఉన్నట్టు. బట్టలు పిండితే ఊకెనే ఉన్నట్టు. వేములవాడలో ఫ్లెక్సీల షాపులో పొద్దంతా కంప్యూటర్ ముందు నడుము విరగ్గొట్టుకుని వస్తే, “నీడ పట్టున ఊకెనే కూసోనొచ్చుడే గద” అంటుంది అత్తమ్మ. నిజంగా ఊరికే ఉన్నది ఎవరయ్యా అంటే, వాకిట్లో కుర్చీలేసుకుని నా చాయ్ కోసం చూస్తున్న ఆ పెద్దమనుషులే.

చేతులు తుడుచుకుని చాయ్ పెట్టాను. కోపమొస్తే నేను చాయ్‌లో చక్కెర తక్కువ వేస్తాను. నాకు చాతనైన పగ అది. వాళ్ళు మాటల్లో పడి అది కూడా గమనించకుండా తాగేశారు.

వాకిట్లో కూర్చున్నది రైలు బంగ్లా పరిరక్షణ కమిటీ. మాజీ సర్పంచ్ బుచ్చన్న అధ్యక్షుడు, బంగ్లా బాగుచేసే పని పట్టబోయే కాంట్రాక్టరు వెంకటి ఉపాధ్యక్షుడు, ఒక పేపరుకు వార్తలు రాసే మా ఆయన కార్యదర్శి. కార్యదర్శి పని ఎవరు చేస్తారో చెప్పనక్కర్లేదు. ఆయన వార్తలన్నీ ఇన్నాళ్ళూ టైపు చేసి పంపింది నేనే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చెబుతాడు, నేను ఫోనులో కొడతాను, కింద ఆయన పేరు పడుతుంది.

మా ఊరు ఎర్రగుంటపల్లె. వేములవాడ నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద ఉంటుంది. మా ఊరికి రైలు ఏనాడూ రాలేదు, పట్టాలే లేవు. కానీ రోడ్డు పక్కన రాతి గోడలతో, పెంకుల కప్పుతో ఒక బంగ్లా ఉంది, దాన్ని అందరూ రైలు బంగ్లా అనే అంటారు. నిజాం కాలంలో బస్సులు కూడా రైల్వే వాళ్ళే నడిపేవాళ్ళట. బస్సు కోసం వచ్చే జనం ఎండకూ వానకూ తల దాచుకోవడానికి వాళ్ళే కట్టించిన బంగ్లా అది. “రైలు బంగ్లకాడ ఆపు” అంటే కొత్త కండక్టర్లు ఇప్పటికీ నా ముఖం వంక ఎగాదిగా చూస్తారు. రోడ్డు వైపు తెరిచి ఉన్న పెద్ద వసారా, సాయబాను అంటారు, మగవాళ్ళది. వెనక్కి తిరిగి, వేరే ద్వారంతో, రాతి జాలీ కిటికీతో ఉన్న చిన్న గది ఆడవాళ్ళది. గది లోపల గోడకు ఆనుకుని చుట్టూ బండల బెంచీ. దాని వెనక ఎత్తు గోడల మధ్య ఒక నీళ్ళ తొట్టి, ఒక పాయఖానా.

మగవాళ్ళ వైపు ఎప్పుడో కూలిపోయింది. దానంతటది కూలలేదు. పెంకులు వీళ్ళ వాళ్ళ బర్రెల కొట్టాల మీదికెక్కాయి, దూలాలు పొయ్యిలో పడ్డాయి, మిగిలిన గోడల మధ్య పత్తాలాట, సీసాలు. వెనక గది మాత్రం నిలబడింది. ఆడవాళ్ళు నిలబెట్టారు కాబట్టి నిలబడింది. బీడీలు చేసేవాళ్ళు చాటలు పట్టుకుని అక్కడే చేరేవాళ్ళు. దసరా వస్తుందంటే తలా ఇంత సున్నం తెచ్చి వేసేవాళ్ళు. కోతులు పెంకులు లాగి పారేస్తే పక్కింటి నర్సక్క కొంగు బిగించి నిచ్చెనెక్కి సర్దేది. పాయఖానాకు తలుపు నేనూ, నాతో రోజూ బస్సెక్కే నాహీదూ పెట్టించాం. ఇదంతా పరిరక్షణ అని ఎవరూ అనలేదు. పరిరక్షణ అంటే కుర్చీలేసుకుని చేసేదని నాకు ఆ ఆదివారమే తెలిసింది.

ఆ రోజు బుచ్చన్న చెప్పుకుంటూ పోతున్నాడు. “మా అవ్వలు దాన్ని జనానా గది, జనానా గది అనేటోళ్ళు రాకేశు. అదొక్కటే మంచిగున్నది ఇగ. గదే పెట్టి రాయి.” నేను విన్నది విన్నట్టు కొట్టాను. మా ఆయన నా భుజం మీది నుంచి తొంగి చూసి పకపకా నవ్వాడు.

“గిదేంది, జనానా? జనన గది అది. జననం అంటే పుట్టుడు. ఎన్కకు వేరే దర్వాజ, సుట్టు గోడ, నీళ్ళ తొట్టి. పాతకాలం పురుడు వోసే గది అన్నట్టు. దీర్ఘాలు తీసెయ్. ఫ్లెక్సీల షాపుల పన్జేస్తది, దీర్ఘం యాడ పెట్టాల్నో తెల్వది.”

వెంకటి నవ్వాడు. చెప్పిన బుచ్చన్న కూడా, తన అవ్వలే తప్పు పలికారేమో అన్నట్టు నవ్వాడు. అత్తమ్మ చాట మీది నుంచి తలెత్తి, దేనికో తెలియకుండానే నవ్వింది.

దీర్ఘం సంగతి నాకా చెప్పేది? నేను పుట్టిందే దీర్ఘం పోగొట్టుకుని. మా నాన్న ఎవరో చెబితే విని నాకు ఆలేఖ్య అని పెట్టబోయి, బడిలో అలేఖ్య అని రాయించాడు. కోరుట్లలో మా తెలుగు సారు హాజరు పిలిచినప్పుడల్లా నవ్వేవాడు. “ఆలేఖ్య అంటే బొమ్మ, చిత్తరువు. నీది దీర్ఘం వోయింది కాబట్టి అర్థం మారింది బిడ్డా. అలేఖ్య అంటే రాయరానిది.” అప్పట్లో నాకూ నవ్వొచ్చేది. ఆడపిల్ల గురించి రాయడానికి ఏముందిలే అనుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ పూట వేలితో రెండు దీర్ఘాలూ చెరిపేసి, జనన గది అని కొట్టి పంపి, పోయి బట్టలు ఆరేశాను.

పేపర్లో పడింది. రైలు బంగ్లాలో మాతృత్వపు ఆనవాళ్ళు అని పెద్ద అక్షరాలు, రాకేశ్ పేరు. పడీ పడగానే ఎక్కడెక్కడి వాళ్ళో రావడం మొదలు పెట్టారు. వేములవాడలో రాజన్న దర్శనం చేసుకుని కొండగట్టు పోయే వాళ్ళు దారి మళ్ళించుకుని మరీ వచ్చారు. మల్యాల నుంచి వచ్చిన ఒకామె పిల్లలు కావాలని మొక్కుకుని జాలీకి గుడ్డ ఊయల కట్టి పోయింది. ఇంకేముంది. నెల తిరిగేసరికి జాలీ నిండా ఎర్రవీ పచ్చవీ ఊయలలు, లోపలికి గాలి రాకుండా. మేము బస్సు కోసం కూర్చునే బెంచీ మీద పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు, చీమలు. నాహీద్ బుర్ఖా అంచుకు పసుపంటుకుని వాళ్ళింట్లో తిట్లు పడ్డాయి.

నాహీద్ నేను పనిచేసే షాపులోనే ఉర్దూ టైపింగు చేస్తుంది. మా ఊరే. రోజూ పొద్దున ఆ గదిలో కలుసుకుని, ఒకే బస్సెక్కి పోయి, ఒకే బస్సు దిగి వస్తాం. మా ఇద్దరికీ ఇంట్లో దొరకని సందు ఆ గదిలో దొరుకుతుంది. బస్సు ఎంత లేటయితే మాకు అంత మంచిది.

ఒక శుక్రవారం పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే అత్తమ్మ ఎదురొచ్చి నిలబడింది. “ఊరూరోళ్ళు అచ్చి కడుతున్నరు. మనింట్లున్నది మాత్రం కండ్లకద్దుకోదు. నడువు, నేనూ అస్త.” బీరువాలోంచి నా పెళ్ళి పట్టుచీర తీసి, అంచు నుంచి జానెడు గుడ్డ పర్రున చింపింది. నాకు చెప్పనైనా చెప్పలేదు. మా అమ్మ ఏరి కోరి కొన్న చీర అది. ఆ చప్పుడు నా పంటి కిందికొచ్చింది.

బస్సు టైముకు అందరూ ఉన్నారక్కడ. అందరి ముందూ నాతో తల తడిపించి, చుట్టూ తిప్పించి, ఊయల కట్టించింది. మా ఆయన ఫోను పట్టుకుని తయారు. “జర తల వంచు. మొఖం గట్ల కోపంగ పెట్టకు, కొంచెం దీనంగ పెట్టు.” మర్నాడు పేపర్లో నేనే. సంతానం కోసం మొక్కుకుంటున్న మహిళ. పేరు వెయ్యలేదు, ఎంత దయ. షాపుకు ఫ్లెక్సీ కొట్టించుకోవడానికి వచ్చిన ప్రతి వాడూ నన్ను గుర్తుపట్టి, “ఏం చెల్లె, ఇంకేం కాలేదా?” అని అడిగాడు.

కరీంనగర్ డాక్టరమ్మ ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలని చెప్పింది. నావి అయ్యాయి, ఏ లోపమూ లేదంది. ఆయన మాత్రం పోలేదు. “నాకేం పరీక్ష? మా ఇంటెన్కల గసొంటియి లెవ్వు.” పరీక్షకు ఒక పూట పోలేని మనిషి, నా చేత తడి తలతో ప్రదక్షిణలు చేయించి ఫోటో తీసి పేపర్లో వేశాడు. నాకు పిల్లలు కావాలో వద్దో నేనింకా కూర్చుని ఆలోచించుకోలేదు. ఆలోచించుకోవడానికి ఒక గది ఉండేది, దాన్నీ పట్టుకుపోయారు.

ఆ తర్వాత సోమవారం వెంకటి మనుషులు ఆ గది ద్వారం మీద ‘జనన గది’ అని ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ చేసింది నేనే, ఊకెనే. తెలుగు పేపరు చదవని నాహీద్ దాని కింద నిలబడి మొదటిసారి చదివి, కడుపు పట్టుకుని నవ్వింది.

“జనన ఏందే? జనానా గదా. ఆడోళ్ళది అని. ముంగట మర్దానా, ఎన్క జనానా. మా ఇండ్లల్ల పెండ్లికి రాలేదా నువ్వు? జనానాల కూసోని బిర్యానీ తినలేదా?”

తిన్నాను. ఆ మాట కూడా విన్నాను. బుచ్చన్న పలికింది కూడా అదే. నా చెవి సరిగ్గానే విన్నది, నా వేలు సరిగ్గానే కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. “నవ్వకే” అన్నాను. నా మొహం చూసి నాహీద్ నవ్వాపి, ఆ సాయంత్రం బస్సు దిగగానే వాళ్ళ నానమ్మ జోహరా బీ దగ్గరికి తీసుకుపోయింది.

జోహరా బీ వయసులో ఉన్నప్పుడు గాజుల మలారం మోసుకుని జగిత్యాల అంగడికి పోయేది. ఇప్పుడు మంచంలోనే ఉంటుంది, కానీ మాట గట్టి. “జనానాల కూసోకుంట నేను ఒక్క బస్సు ఎక్కలే బిడ్డా. బుర్ఖాలోళ్ళం, గోచి చీరెలోళ్ళం, అందరం గా బండ మీదనే. ఒకలి సద్ది ఒకలం తిన్నం.”

“అక్కడ ఎవరన్న కన్నరా నానమ్మా? పురుడు వోసుడు గట్ల?” అని అడిగాను.

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. “కనెటందుకు ఇండ్లు లేవా? గాడికి అచ్చేదే పోయెటందుకు.” దుప్పటి సర్దుకుని మళ్ళీ అంది. “ఇంట్ల అడుగుతరు, గల్లీల అడుగుతరు, బాయికాడ అడుగుతరు, యాడికి పోతున్నవే అని. జనానాల మాత్రం ఎవ్వలు ఎవ్వల్ని అడగకపోయేది. గదే ఆడి కాయిదా. ఒకసారి ఒక పిల్ల అత్తగారింట్లకెల్లి కట్టుబట్టల్తోని అచ్చి కూసున్నది. మొఖమంత వాచింది. నేను అడగలే. నీళ్ళిచ్చిన. బస్ అచ్చింది, ఎక్కింది, పోయింది.”

ఇంటికి నడుస్తుంటే సంగతి తెలిసొచ్చింది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు ఎక్కడికో బయలుదేరినవాళ్ళు. అంగడికి, ఆసుపత్రికి, పుట్టింటికి, మొగుడి చెయ్యి అందనంత దూరానికి. వాళ్ళందరినీ మా ఆయన పట్టుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి పురుడు పోశాడు, రెండు దీర్ఘాలు తీసేసి.

అన్నం పెడుతూ చెప్పాను. ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఆగనైనా ఆగలేదు.

“తెల్సు. బుచ్చన్న గూడ అన్నడు మల్ల. ఐతేంది?”

“ఐతేందా? తప్పని తెల్సి గూడ గదే ఉంచుతవా?”

“దిమాక్ ఖరాబైందా నీకు? పైన ఆఫీసుల ఫైలు కదిలిందే మాతృత్వం పేరు మీద. ఆడోళ్ళు బస్సుకు కూసున్నరు అంటే వార్త ఐతదా? తల్లి అంటే దండం పెడ్తరు. ఆడోళ్ళు అంటే ఎవడు పెడ్తడు?” పచ్చిపులుసు పోసుకుని, జుర్రి, మెల్లగా అన్నాడు. “రెండు దీర్ఘాలు వోతే ఏం కొంప మునుగుతది.”

అత్తమ్మ గడపలో కూర్చుని బీడీలు కట్టలు కడుతోంది. “మొగోడు ఊరి కోసం తిరుగుతుంటే అడ్డం మాట్లాడుతవేందే” అంది. ఆమె కూడా పెళ్ళయిన కొత్తలో ఆ బండ మీద కూర్చుని బీడీలు చేసిందే. సున్నం వేసిందే. ఆమెకు ఆ గది పేరు తెలియదంటే నేను నమ్మను.

తర్వాత పునరుద్ధరణ మొదలైంది. పాత సున్నం గచ్చంతా గీకి పారేసి సిమెంటు పూశారు. రాతి మీద గులాబీ రంగు కొట్టారు. చల్లగా ఉండే బండల నేల మీద మెరిసే టైల్స్ పరిచారు, తడి కాలు పెడితే జారిపడేలా. బెంచీ ఒక మూల పగలగొట్టి, ఒళ్ళో పిల్లవాణ్ణి పెట్టుకున్న తల్లి బొమ్మను కూర్చోబెట్టారు. ద్వారానికి ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. తాళంచెవి బుచ్చన్న మొలతాడుకు. పూజ ఉన్న రోజే తెరుస్తారట. కూలిన మగవాళ్ళ సాయబాను వంక ఎవరూ కన్నెత్తి చూడలేదు. అందులో మాతృత్వం లేదు కదా.

మేము రోడ్డు మీదికి వచ్చాం. ఎండలో నేను, నాహీద్, కాలేజీకి పోయే పిల్లలు, సిరిసిల్లలో కుట్టుమిషన్ల మీద పనికి పోయే వాళ్ళు, అందరం వరసగా, బండ్ల మీద పోయే ప్రతి వాడూ చూసుకుంటూ పోయేలా. పాయఖానా తాళం వెనక ఉండిపోయింది. నేను పొద్దున నీళ్ళు తాగడం మానేశాను. షాపులో ఉన్నది మగవాళ్ళు వాడే ఒక్క బాత్రూం, దానికి గడియ లేదు. నెలలోపల నాకు మూత్రంలో మంట పట్టుకుంది. మందులు తెచ్చుకుంటే మా ఆయన “నీళ్ళు తాగుమని చెప్పాల్నా చిన్నపోరిలెక్క” అన్నాడు.

ప్రారంభోత్సవం వారం రోజులుందనగా, షాపులో ఉండగా ఆయన మెసేజ్ వచ్చింది. ‘శిలాఫలకం స్టిక్కర్ కట్ చేసి పంపు, మ్యాటర్ పాతదే. గట్లనే ఒక బోర్డు. ముట్టైన స్త్రీలు లోపలికి రారాదు. ఎర్ర రంగు, పెద్ద అచ్చరాలు.’

ఆ రోజు నాకు రెండో రోజు. బస్సు రాక, మార్చుకోవడానికి చోటు లేక, చున్నీ నడుముకు చుట్టుకుని వచ్చి కూర్చున్నాను. మెసేజ్ చదివాను. ఇంకోసారి చదివాను. జననం కావాలట, ముట్టు వద్దట. ముట్టు లేకుండా వీళ్ళంతా ఎక్కడి నుంచి ఊడిపడ్డారో అడగాలనిపించింది. లేచి నిలబడి అరవాలనిపించింది. పక్క మిషన్ మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, మీసం దువ్వుకుంటున్న బొమ్మ, బరబరా అచ్చవుతోంది. అరిస్తే ఆ చప్పుడులో కలిసిపోతుంది.

ఫైలు తెరిచాను. రాయి మీద అక్షరాలెలా పడతాయో చెప్పాలి. మేము స్టిక్కరు కోసి ఇస్తే, రాళ్ళ పని వాళ్ళు దాన్ని నల్లరాతికి అతికించి ఇసుకతో కొడతారు. స్టిక్కరులో ఏముంటే రాతిలో అదే తొలుస్తుంది. ఆ తర్వాత చెరపడం ఎవరి తరమూ కాదు.

‘పవిత్ర జనన గది’ అని ఉంది. పవిత్ర, గది రెండూ తీసేశాను. మొదటి న పక్కన దీర్ఘం పెట్టాను. రెండో న పక్కన దీర్ఘం పెట్టాను. కింద ఉన్న మాతృమూర్తుల త్యాగాల పేరా మొత్తం నల్లగా పట్టి ఒక్కసారి కొట్టేశాను. దాని చోట ఇలా రాశాను. ‘ప్రయాణమై పోయే ఆడవాళ్ళు కూర్చునే గది. దీనికి తాళం వేయరాదు.’ అడుగున కమిటీ వాళ్ళ పేర్లు మాత్రం ఇంటిపేర్లతో, హోదాలతో, అక్షరం తప్పు లేకుండా ఉంచాను.

నాహీద్ తన కుర్చీ జరుపుకుని వచ్చి చూసింది. “అరే, చూస్తరేమోనే.”

“చూడరు. వాళ్ళ పేర్లే చూసుకుంటరు.”

దొంగతనం చెయ్యలేదు నేను. ఎప్పటిలాగే ప్రూఫు మా ఆయన ఫోనుకు పంపాను. ఆయన తెరవడని నాకు తెలుసు. నేను చేసిన పని తెరిచి చూసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. క్షణంలో బొటనవేలి బొమ్మ వచ్చింది. ఓకే అని. స్టిక్కరు కోసి పంపేశాను. ఎర్ర అక్షరాల బోర్డు చేయలేదు. అడిగితే మర్చిపోయానన్నాను. వాళ్ళింట్లో మర్చిపోవడం నా ఒక్క హక్కు.

ప్రారంభోత్సవం రోజు తెల్లవారకముందే లేచాను. వచ్చేవాళ్ళందరికీ భోజనాలు మా ఇంట్లోనే అని ఎవరు తీర్మానించారో, నాకు చెప్పింది మాత్రం ముందు రోజు. బగారన్నం, కోడికూర, ఉల్లిగడ్డ పెరుగు. నర్సక్క వచ్చి సాయం పట్టింది. వండి, దించి, మూతలు పెట్టి, స్నానం చేసి, రోజూ షాపుకు పోయే బ్యాగే భుజాన వేసుకుని బంగ్లా దగ్గరికి పోయాను. నాహీద్ అప్పటికే వచ్చి ఆడవాళ్ళలో నిలబడి ఉంది.

జిల్లా నుంచి ఒక మేడం వచ్చింది, పెద్ద అధికారి. దండలు, శాలువాలు. మా ఆయన ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. మేడం రిబ్బను కత్తిరించి రాతి మీది గుడ్డ లాగింది. మైకులోనే చదివింది. “జనానా. ప్రయాణమై పోయే ఆడవాళ్ళు కూర్చునే గది. దీనికి తాళం వేయరాదు.” చదివి తలూపి, “చాలా బాగా రాయించారు” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు మొదలయ్యాక గానీ ఆమె చదివింది మా ఆయన చెవికెక్కలేదు. ఫోను దించి రాయి చూశాడు, నన్ను చూశాడు. బుచ్చన్న తన పేరు చూసుకుని తృప్తిపడి, పైకి చదవడం మొదలుపెట్టి, నోరు తెరిచి ఆగిపోయాడు.

అంతలో మేడం మైకు పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది, ఆడమనిషిని కదా అని. “ఇక్కడ వాష్‌రూం ఉందా అమ్మా? పొద్దున బయలుదేరాను” అంది నెమ్మదిగా.

“ఉంది మేడం. లోపల్నే. తాళమేసిన్రు.”

బుచ్చన్న పరుగున వచ్చాడు. “మేడం, మా ఇంటికాడ ఏర్పాటున్నది, నడుండ్రి. లోపల పూజ చేసే జాగ.”

మేడం గ్రిల్లును చూసింది. రాతిని చూసింది. “తాళం వేయరాదని మీరే రాయించారు కదండీ” అంది. అంతమంది ముందు బుచ్చన్న పంచె పక్కకు జరిపి, మొలతాడు వెతుక్కుని, తాళం తీశాడు. మేడం వెనకే కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనక కుట్టుమిషన్ల వాళ్ళు, ఎవరూ పిలవకుండానే లోపలికి పోయారు. ఎంతకాలంగా బిగబట్టుకున్నారో.

మేడం కారు కదిలేదాకా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కదలగానే నా రెక్క పట్టుకున్నాడు.

“ఏం జేసినవే?”

“ప్రూఫ్ పంపిన గద. నువ్వు ఓకే అన్నవ్.”

“నా పరువు దీసినవ్.”

“దీర్ఘాలు వోయినయి, పెట్టిన. నువ్వే గద అన్నవ్, నాకు యాడ పెట్టాల్నో తెల్వదని. ఇప్పుడు తెల్సింది.”

చెయ్యి విడిపించుకుని లోపలికి పోయాను. జాలీకి కట్టిన ఊయలల్లో నాది వెతికాను. పట్టు గుడ్డ కదా, దుమ్ము పట్టినా జరీ కనిపిస్తూనే ఉంది. ముడి విప్పుతుంటే అత్తమ్మ గడప అవతలి నుంచి “అది మొక్కుదే, ఇప్పద్దు, అరిష్టం” అంది. ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో లాగాను, వచ్చింది. ఆ గుడ్డతో బెంచీ మీది పసుపు, కుంకుమ, చీమలు అన్నీ శుభ్రంగా తుడిచాను. తుడిచి కూర్చున్నాను. పక్కన ఆ బొమ్మ తల్లి ఒళ్ళో పిల్లవాణ్ణి పెట్టుకుని, మా లాగే బస్సు కోసం చూస్తున్నట్టుంది. నాహీద్ వచ్చి నా పక్కన కూర్చుంది.

మా ఆయన గడప దాకా వచ్చి ఆగాడు. లోపల ఇంతమంది ఆడవాళ్ళు ఉండేసరికి అడుగు పడలేదు. “ఇంటికి నడువు. మంది అన్నానికి కూసున్నరు.”

“అన్నం వండి పెట్టిన. వడ్డించుకోండ్రి. కమిటీ ఉన్నది గద, ఊకెనే.”

రోడ్డు మీద కోరుట్ల బస్సు హారన్ వినపడింది. నేను బ్యాగు సర్దుకుని లేచాను. అది మా అమ్మగారి ఊరి బస్సని, నా షాపు అటు లేదని ఆయనకు తెలుసు. మొహం మారిపోయింది.

“అలేఖ్యా, యాడికి పోతున్నవ్?”

“ఇది జనానా” అన్నాను. “యాడికి పోతున్నవని ఈడ అడగరు.”